కంప్యూటరు క్యాబినెట్ నాణ్యత, తయారీదారుల సేవ

కంప్యూటరు క్యాబినెట్ అనగా డెస్క్‌టాప్ కంప్యూటరులోని మదర్‌బోర్డు, ప్రాసెసరు, హార్డ్ డిస్కు, విద్యుత్తును అందించే ఎస్‌ఎంపీఎస్ మొదలైన భాగాలను తనలో ఇముడ్చుకొనే పెట్టె. ఇది సాధారణంగా ఉక్కు రేకుతోను, ప్లాస్టిక్కుతోను, కొన్నింటిలో అల్యూమినియం, గాజు పలకలతోను తయారవుతుంది. లోపలి భాగాలకు ఆధారముగా నిలవడం, వేడిని బయటకు పంపడం, దుమ్ము నుండి, క్రిమికీటకాల నుండి కాపాడడం, వాడేవారికి విద్యుదాఘాతం తగలకుండా చూడడం దీని ముఖ్యమైన పనులు.

కొనేటప్పుడు అతి తక్కువ శ్రద్ధ చూపబడే భాగం కూడా ఇదే. ప్రాసెసరుకు, మెమొరీకి వెచ్చించిన తరువాత మిగిలిన సొమ్ముతో, పై రూపాన్ని చూసి క్యాబినెట్‌ను ఎంచుకోవడం పరిపాటి. తిరుపతి, చిత్తూరు వంటి పట్టణాలలో తయారీదారు సేవా కేంద్రాలు తక్కువ. సరుకు చెన్నై, బెంగళూరు టోకు మార్కెట్ల నుండి వస్తుంది. అందువలన క్యాబినెట్‌లో లోపం బయటపడినప్పుడు ఎవరిని అడగాలి, ఆ లోపం నిజముగా ఎవరిది, చట్టం ఏమి చెబుతున్నది అన్న ప్రశ్నలు ఇక్కడి వినియోగదారులకు ముఖ్యమైనవి. ఈ వ్యాసం ఆ విషయాలను వివరిస్తుంది.

పేరు

వ్యాపారులు, మెకానిక్కులు దీనిని "క్యాబినెట్" అంటారు. ఆంగ్లంలో కేస్, చాసిస్, టవర్ అన్న పేర్లు కూడా ఉన్నాయి. తెలుగునాట చాలామంది ఈ పెట్టెనంతటినీ "సీపీయూ" అని పిలుస్తారు. నిజానికి సీపీయూ అనగా మదర్‌బోర్డు మీద అమర్చే ప్రాసెసరు మాత్రమే. ఈ తేడా బిల్లు విషయంలో ముఖ్యమైనది. బిల్లు మీద "సీపీయూ – 1" అని మాత్రమే వ్రాసి ఉంటే, అందులోని క్యాబినెట్‌కు, ఎస్‌ఎంపీఎస్‌కు విడివిడిగా వారంటీ అడగడం కష్టమవుతుంది.

చరిత్ర

1981 ఆగస్టులో ఐబీఎం సంస్థ విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు బల్ల మీద అడ్డముగా పరుండే ఉక్కు పెట్టెలో వచ్చినది. 1984లో వచ్చిన పీసీ ఏటీ నమూనాను అనుసరించి ఇతర సంస్థలు కూడా అదే కొలతలతో పెట్టెలను తయారుచేశాయి. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే ప్రమాణాన్ని ప్రకటించినది. మదర్‌బోర్డు కొలతలు (గరిష్ఠముగా 305 × 244 మి.మీ.), మరల రంధ్రాల స్థానాలు, వెనుకవైపు ద్వారాల అమరిక, ఎస్‌ఎంపీఎస్ స్థానం ఇందులో నిర్ణయించబడ్డాయి. 1997లో 244 × 244 మి.మీ. కొలత గల మైక్రో ఏటీఎక్స్, 2001లో వయా సంస్థ రూపొందించిన 170 × 170 మి.మీ. మినీ ఐటీఎక్స్ వచ్చాయి. ఈ ప్రమాణాల వలన ఒక సంస్థ చేసిన పెట్టెలో వేరొక సంస్థ చేసిన బోర్డును బిగించే వీలు కలిగినది. విడిభాగాలను కొని కూర్చే అసెంబుల్డ్ కంప్యూటర్ల వ్యాపారానికి ఇదే పునాది.

2000 దశకములో ప్రాసెసర్ల వేడి పెరగడంతో క్యాబినెట్ రూపకల్పన ఒక సమస్యగా మారినది. గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు ప్రాసెసరు ఫ్యానుకు చేరే గాలి 38 డిగ్రీలకు మించకూడదని ఇంటెల్ ఆ దశకములో ఒక మార్గదర్శకం వెలువరించినది. ఆ కాలపు క్యాబినెట్ల పక్క తలుపు మీద ప్రాసెసరుకు ఎదురుగా కనిపించే గుండ్రటి గాలి గొట్టం దాని ఫలితమే.

భారతదేశంలో అసెంబుల్డ్ కంప్యూటర్లు విస్తరించిన కాలంలో ఇంటెక్స్, జెబ్రానిక్స్, ఐబాల్, ఫ్రంటెక్, మెర్క్యురీ వంటి పేర్లతో క్యాబినెట్లు అమ్ముడయ్యాయి. వీటిలో ఎక్కువ భాగం ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి అమ్మేవారు. తరువాతి కాలంలో కూలర్ మాస్టర్, కోర్సెయిర్, యాంటెక్, ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ వంటి విదేశీ సంస్థల క్యాబినెట్లు ఎస్‌ఎంపీఎస్ లేకుండా విడిగా రావడం, గాజు పలకలు, రంగు దీపాలు గల నమూనాలు ప్రచారంలోకి రావడం జరిగినది.

నాణ్యతను నిర్ణయించే అంశాలు

రేకు మందం

క్యాబినెట్ల తయారీలో సాధారణముగా వాడేది జింకు పూత గల ఉక్కు రేకు. చౌక రకాలలో రేకు మందం 0.4 నుండి 0.5 మి.మీ. వరకు, మెరుగైన వాటిలో 0.6 నుండి 1 మి.మీ. వరకు ఉంటుంది. పలుచటి రేకు చేతితో నొక్కితే వంగుతుంది. ఫ్యాను, హార్డ్ డిస్కు తిరిగేటప్పుడు గిలగిలమని శబ్దం చేస్తుంది. రవాణాలో చట్రం కొద్దిగా మెలిపడినా మదర్‌బోర్డు రంధ్రాలకు, పెట్టెలోని ఇత్తడి నిలువులకు పొంతన కుదరదు. బలవంతముగా మరలు బిగిస్తే బోర్డు వంగి పగుళ్ళు ఏర్పడవచ్చు.

అంచులు, పూత

మంచి క్యాబినెట్‌లో రేకు అంచులు లోపలికి మడిచి ఉంటాయి. చౌక రకాలలో కత్తిరించిన అంచులు అలాగే వదిలివేయబడతాయి. వీటి వలన కూర్చేవారి వ్రేళ్ళు తెగడమే కాక, అంచుకు రాసుకొన్న తీగల పైతొడుగు కాలక్రమములో కోసుకొనిపోతుంది. పూత సరిగా లేని చోట తేమకు తుప్పు పడుతుంది.

గాలి ప్రసరణ

ముందు క్రింది భాగం నుండి చల్లని గాలి లోపలికి, వెనుక పై భాగం నుండి వేడి గాలి బయటకు పోవడం సరియైన పద్ధతి. 120 మి.మీ. ఫ్యాను 80 మి.మీ. ఫ్యాను కంటే తక్కువ వేగముతో, తక్కువ శబ్దముతో అంతే గాలిని పంపగలదు. ముందు భాగం పూర్తిగా గాజుతో మూసివేసిన నమూనాలు చూపులకు బాగున్నా, గాలి చొరబడడానికి పక్కన సన్నటి సందులు మాత్రమే ఉంటాయి.

ముందువైపు తీగలు

పవర్ బొత్తాము, యూఎస్‌బీ, ఆడియో ద్వారాలకు తీగలు క్యాబినెట్‌తోనే వస్తాయి. పాతకాలపు చౌక క్యాబినెట్లలో యూఎస్‌బీ తీగలు ఒక్కొక్కటిగా విడివిడి పిన్నులతో వచ్చేవి. వాటిని తారుమారుగా తగిలిస్తే 5 వోల్టుల విద్యుత్తు తప్పు దారిలో పోయి పెన్ డ్రైవు కాలిపోయేది. తరువాత ఇవి ఒకే దిశలో మాత్రమే పట్టే ప్లగ్గులుగా మారినందువలన ఈ ప్రమాదం తగ్గినది.

ఎస్‌ఎంపీఎస్

క్యాబినెట్‌తో కలిపి అమ్మే ఎస్‌ఎంపీఎస్ మీద వ్రాసిన వాట్ల అంకె, అది నిజముగా అందించగల శక్తి ఒకటే కాకపోవచ్చు. దీనిని తెలుసుకొనడానికి చీటీ మీద 12 వోల్టుల వరుసలోని ఆంపియర్లను చూడవలెను. ఉదాహరణకు చీటీ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉండి, 12 వోల్టుల వరుసలో 14 ఆంపియర్లు మాత్రమే ఉన్నదనుకొంటే, 12 × 14 = 168 వాట్లు మాత్రమే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు వంటి ముఖ్య భాగాలకు అందుతుంది. 2004లో మొదలైన 80 ప్లస్ అనే ధ్రువీకరణ ఎస్‌ఎంపీఎస్ సామర్థ్యాన్ని (గ్రహించిన విద్యుత్తులో కనీసం 80 శాతం లోపలి భాగాలకు అందించడం) తెలుపుతుంది. ఎస్‌ఎంపీఎస్ చెడిపోయినప్పుడు తనతో పాటు మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును కూడా పాడుచేయవచ్చు. కనుక క్యాబినెట్ కొనుగోలులో ప్రమాదకరమైన పొదుపు ఇదే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతపు పరిస్థితులు

పూర్వపు చిత్తూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న పునర్వ్యవస్థీకరించబడినది. తిరుపతి కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినది. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (1954), శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం (1983), ఐఐటీ (2015), ఐసర్ (2015) వంటి సంస్థల వలన తిరుపతి విద్యార్థుల పట్టణం. ఇంజనీరింగు విద్యార్థులు, నెట్ సెంటర్లు, జిరాక్సు, డీటీపీ దుకాణాల యజమానులు ఇక్కడి అసెంబుల్డ్ కంప్యూటర్ల కొనుగోలుదారులలో ముఖ్యులు.

సరుకు పెద్ద మార్కెట్ల నుండి వస్తుంది. తిరుపతికి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు. చిత్తూరుకు చెన్నై సుమారు 155, బెంగళూరు సుమారు 180 కిలోమీటర్లు. చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్ వస్తువులకు పేరుపొందిన వీధులు. ధర తక్కువని స్వయముగా అక్కడికి వెళ్ళి కొనేవారు కూడా ఉన్నారు. అలా కొన్న వస్తువుకు లోపం వస్తే మరల అక్కడికే పోవలసి వస్తుంది.

వాతావరణం కూడా క్యాబినెట్‌కు పరీక్షయే. వేసవిలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. గాలితో చల్లబరచే ఏ క్యాబినెట్ అయినా లోపలి భాగాలను గది ఉష్ణోగ్రత కంటే తక్కువకు దించలేదు. పైన చెప్పిన ఇంటెల్ మార్గదర్శకం గది ఉష్ణోగ్రత 35 డిగ్రీలనే లెక్కతో వ్రాయబడినది. ఏసీ లేని గదిలో, రేకుల కప్పు క్రింద పనిచేసే కంప్యూటరు ఆ హద్దును మే నెలలో సులువుగా దాటిపోతుంది. కనుక వేరొకచోట సరిపోయే మూసివేసిన క్యాబినెట్ ఇక్కడ సరిపోకపోవచ్చు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల తేమ ఉంటుంది. 2021 నవంబరులో తిరుపతిలో కురిసిన భారీ వర్షాలకు పలు కాలనీలు నీట మునిగాయి. నీటిలో తడిసిన వస్తువులకు తయారీదారుల వారంటీ సాధారణముగా వర్తించదు.

వినియోగదారులకు ఎదురయ్యే ఇబ్బందులు

క్యాబినెట్ల విషయంలో వచ్చే ఫిర్యాదులన్నీ తయారీ లోపాలు కావు. కొన్ని రవాణాకు, కొన్ని కూర్పుకు, కొన్ని ఇంటి వైరింగుకు సంబంధించినవి. ఎవరిని అడగాలో తెలియాలంటే ముందు ఈ తేడా తెలియవలెను.

పెట్టె ముట్టుకొంటే షాకు కొట్టడం

ఇది తరచుగా వినిపించే ఫిర్యాదు. పెట్టె వెనుక ఉన్న లోహ భాగాన్ని తాకితే చేతికి జివ్వుమంటుంది. వినియోగదారుడు క్యాబినెట్ మంచిది కాదనుకొంటాడు. దుకాణదారుడు పెట్టె మార్చి ఇచ్చినా అదే జరుగుతుంది. కారణం చాలాసార్లు ఇంటి గోడలో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్‌లో విద్యుత్ రొదను వడకట్టడానికి ఫేజు నుండి, న్యూట్రలు నుండి లోహపు పెట్టెకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్గులోని ఎర్తు సరిగా ఉంటే ఈ స్వల్ప విద్యుత్తు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకుంటే పెట్టె 230 వోల్టులలో సుమారు సగం, అనగా 115 వోల్టుల వద్ద తేలుతూ ఉంటుంది. ప్రవహించే విద్యుత్తు చాలా స్వల్పమే. కంప్యూటర్ల భద్రతా ప్రమాణం దీనికి 3.5 మిల్లీ ఆంపియర్ల హద్దు విధించినది. అయితే ఎస్‌ఎంపీఎస్‌లో నిజమైన లోపం ఏర్పడి ఫేజు తీగ పెట్టెకు తగిలినప్పుడు, ఎర్తు లేని ఇంట్లో అదే పెట్టె ప్రాణాంతకం కాగలదు. కనుక జివ్వుమనడాన్ని తేలికగా తీసుకొనరాదు.

పరీక్షించే పద్ధతి సులువైనది. ఎలక్ట్రీషియను మీటరుతో చూసినప్పుడు ఫేజుకు, ఎర్తుకు మధ్య వోల్టేజి ఫేజుకు, న్యూట్రలుకు మధ్య ఉన్నంతే ఉండవలెను. న్యూట్రలుకు, ఎర్తుకు మధ్య కొద్ది వోల్టులకు మించరాదు. రాయలసీమ పొడి నేలలలో ఎర్తు గుంతకు ఉప్పు, బొగ్గు వేసి, వేసవిలో నీరు పోస్తూ ఉండడం అవసరం. మూడవ పిన్ను విరిచివేసిన ప్లగ్గును, రెండు రంధ్రాల ఎక్స్‌టెన్షన్ బాక్సును వాడరాదు. ఎర్తు సరిగా ఉన్నా షాకు కొడుతుంటే అప్పుడది ఎస్‌ఎంపీఎస్ లోపమో, పెట్టె కూర్పు లోపమో అవుతుంది. వెంటనే వాడకం ఆపి దుకాణదారునికి వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను.

గాజు పలక పగలడం

గట్టిపరచిన గాజు పలక మధ్య భాగంలో బలముగా ఉన్నా అంచుల వద్ద బలహీనముగా ఉంటుంది. దానిని విప్పి టైల్స్ నేల మీద అంచు ఆన్చి నిలబెడితే ఒక్కసారిగా చిన్న ముక్కలుగా చిట్లిపోతుంది. పింగాణీ టైలు గాజు కంటే గట్టిది కావడమే దీనికి కారణం. విప్పిన పలకను దుప్పటి మీదనో, అట్టపెట్టె మీదనో పడుకోబెట్టవలెను. పెట్టె తెరిచేసరికే గాజు పగిలి ఉంటే అది రవాణా లోపం. వాడకంలో పగిలితే వారంటీ సాధారణముగా వర్తించదు.

పురుగులు, బల్లులు

చౌక క్యాబినెట్లలో వెనుకవైపు కార్డు సందుల మూతలు విరిచి తీయవలసిన రకానికి చెందినవి. ఒకసారి విరిస్తే మరల బిగించడానికి వీలుకాదు. తెరిచి ఉన్న సందు గుండా చీమలు, బొద్దింకలు, బల్లులు లోపలికి చేరతాయి. ఎస్‌ఎంపీఎస్ లోపల బల్లి చిక్కుకొంటే షార్టు సర్క్యూటు కావచ్చు. దీనిని తయారీదారులు తమ లోపముగా అంగీకరించరు. విడిగా దొరికే మరల మూతను బిగించడం మంచిది.

పొంతన కుదరని భాగాలు

పక్క తలుపు పట్టకపోవడం, ముందు బొత్తాము లోపలే ఇరుక్కుపోవడం, మరల రంధ్రాలు అరిగిపోవడం వంటివి నిజమైన తయారీ లోపాలు. బొత్తాము ఇరుక్కొని ఉంటే కంప్యూటరు కొద్ది సెకన్లలో తనంతట తానే ఆగిపోతుంది. చాలామంది దీనిని మదర్‌బోర్డు లోపముగా భావించి అనవసరముగా ఖర్చు పెడతారు. బొత్తాము తీగను బోర్డు నుండి తీసివేసి పరీక్షిస్తే అసలు సంగతి తెలిసిపోతుంది.

తయారీదారు మద్దతు

భారతదేశంలో అమ్ముడయ్యే క్యాబినెట్లలో అధిక భాగం చైనాలో తయారవుతుంది. పెట్టె మీద కనిపించే పేరు చాలాసార్లు దిగుమతి చేసుకొని తన ముద్ర వేసుకొన్న సంస్థది. ఒకే కర్మాగారపు చట్రం వేర్వేరు పేర్లతో అమ్ముడవడం కూడా ఉన్నది. అందువలన నాణ్యతలో రెండు పేర్ల మధ్య తేడా లేకపోయినా, అమ్మిన తరువాతి సేవలో చాలా తేడా ఉండవచ్చు.

క్యాబినెట్‌కు వారంటీ సాధారణముగా ఒకటి లేదా రెండు సంవత్సరాలు. విడిగా కొన్న మంచి ఎస్‌ఎంపీఎస్‌కు మూడు నుండి పది సంవత్సరాల వరకు ఉంటుంది. ఈ వారంటీ చాలావరకు వినియోగదారుడే వస్తువును సేవా కేంద్రానికి తీసుకొనిపోవలసిన రకం. ఇక్కడే చిన్న పట్టణాలవారికి ఇబ్బంది మొదలవుతుంది. క్యాబినెట్ బరువు ఎక్కువ, ధర తక్కువ. దానిని లారీ పార్సిలులోనో, ఆర్టీసీ కార్గోలోనో చెన్నైకి పంపి తెప్పించే ఖర్చు, మార్గమధ్యంలో మరల సొట్టలు పడే అవకాశం, అన్నాళ్ళు కంప్యూటరు లేకుండా ఉండవలసి రావడం చూసుకొని చాలామంది ఊరుకొంటారు. వారంటీ కాగితం మీద ఉన్నా వాడుకలో లేనట్లే అవుతుంది.

మంచి సేవ చేసే సంస్థలు ఈ ఇబ్బందిని వేరుగా పరిష్కరిస్తాయి. పెట్టెనంతటినీ వెనక్కు పంపమనక, లోపం ఉన్న భాగపు ఛాయాచిత్రాన్ని, బిల్లును మెయిలులో తెప్పించుకొని, ఫ్యానునో, ముందు పలకనో, మరల సంచినో కొరియరులో పంపుతాయి. క్యాబినెట్ విషయంలో సంస్థను ఎంచుకొనేటప్పుడు వారంటీ ఎన్నేళ్ళు అని మాత్రమే కాక, విడిభాగాలు విడిగా పంపుతారా అని అడగడం ఉపయోగకరం.

ఒక అంతర్జాతీయ ఉదంతం: ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ హెచ్1

పేరున్న సంస్థ క్యాబినెట్‌లోనూ ప్రమాదకరమైన లోపం ఉండవచ్చునని, దానిని సరిదిద్దే తీరే సంస్థ విలువను నిర్ణయిస్తుందని తెలిపే ఉదాహరణ ఇది. అమెరికాకు చెందిన ఎన్‌జెడ్‌ఎక్స్‌టీ సంస్థ 2020 ఫిబ్రవరిలో హెచ్1 అనే చిన్న నిలువు క్యాబినెట్‌ను విడుదల చేసినది. ఇందులో గ్రాఫిక్స్ కార్డును మదర్‌బోర్డుకు కలిపే రైజర్ కార్డును రెండు లోహపు మరలతో చట్రానికి బిగించారు. ఆ మరల రాపిడికి కార్డు లోపలి 12 వోల్టుల పొర చట్రానికి తగిలి షార్టు సర్క్యూటు కావడం, కార్డు వేడెక్కడం, మంటలు రావడం జరిగినది.

సంస్థ మొదట లోహపు మరలకు బదులు నైలాను మరలను పంపినది. దీనితో మూల కారణం పోలేదని, మున్ముందు ఎవరైనా తెలియక లోహపు మరలు బిగిస్తే అదే ప్రమాదం మళ్ళీ వస్తుందని సమీక్షకులు విమర్శించారు. 2021 ఫిబ్రవరిలో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం ద్వారా ఈ క్యాబినెట్లు అధికారికముగా వెనక్కు పిలవబడ్డాయి. అమెరికాలో సుమారు 32,000, కెనడాలో 1,024 పెట్టెలు ఇందులో ఉన్నాయి. అప్పటికి ప్రపంచవ్యాప్తముగా 11 సంఘటనలు సంస్థ దృష్టికి వచ్చాయి. కొత్తగా రూపొందించిన రైజర్ కార్డును కొనుగోలుదారులకు ఉచితముగా ఇచ్చారు. వినియోగదారుల ఫిర్యాదులు, స్వతంత్ర పరీక్షలు, ప్రభుత్వ సంస్థ జోక్యం మూడూ కలిసినప్పుడు తాత్కాలిక చికిత్స స్థానములో శాశ్వత పరిష్కారం వచ్చినది.

చట్టపరమైన రక్షణ

భారతదేశంలో 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చినది. దాని స్థానములో తెచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై నుండి అమలులో ఉన్నది. క్యాబినెట్ వంటి తక్కువ ధర వస్తువుల విషయంలో ఇందులోని కింది అంశాలు ముఖ్యమైనవి.

* బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వాణిజ్య విధానం. లోపమున్న వస్తువును బిల్లులో పేర్కొన్న గడువులోగా, గడువు పేర్కొనకపోతే 30 రోజులలోగా వెనక్కు తీసుకొని సొమ్ము ఇవ్వడానికి నిరాకరించడం కూడా అనుచిత వాణిజ్య విధానమే. "అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు" అన్న బోర్డు ఈ హక్కును తొలగించజాలదు.
* ఇతరులు చేసిన వస్తువు మీద తన ముద్ర వేసుకొన్న సంస్థ కూడా చట్టం దృష్టిలో తయారీదారే. "మేము దిగుమతిదారులము మాత్రమే" అని తప్పించుకొనే వీలు లేదు.
* లోపమున్న వస్తువు వలన వ్యక్తికి గాయమైనా, ఇతర ఆస్తికి నష్టం జరిగినా పరిహారం కోరవచ్చు. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందజేయలేకపోయినా అమ్మకందారు బాధ్యుడవుతాడు. పేరు, చిరునామా లేని క్యాబినెట్లు అమ్మేవారికి ఇది వర్తిస్తుంది.
* వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారుల నిర్వచనంలోకి రారు. అయితే స్వయం ఉపాధితో జీవనోపాధి కోసం కొన్నవారికి మినహాయింపు ఉన్నది. కనుక తానే నడుపుకొనే చిన్న జిరాక్సు దుకాణదారుడు ఫిర్యాదు చేయవచ్చు.
* ఫిర్యాదుదారు తాను నివసించే లేదా పనిచేసే చోటి జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. వస్తువును చెన్నైలో కొన్నా, ఇంటర్నెట్‌లో తెప్పించుకొన్నా తిరుపతి వాసి తిరుపతిలోనే ఫిర్యాదు చేయగలడు.

చివరి అంశం ఈ ప్రాంతపు వినియోగదారులకు మిక్కిలి ఉపయోగకరమైనది. పాత చట్టం క్రింద ప్రతివాది ఉన్న చోటనో, వివాద కారణం ఏర్పడిన చోటనో ఫిర్యాదు చేయవలసి వచ్చేది. పూర్వపు చిత్తూరు జిల్లాకు చిత్తూరులో ఒకటి, తిరుపతిలో మరొకటి వినియోగదారుల ఫోరమ్‌లు ఉండేవి. కొత్త చట్టంలో ఫోరమ్‌కు బదులు కమిషన్ అన్న పేరు వచ్చినది.

ఇంటర్నెట్ అమ్మకాలకు 2020 జూలైలో ప్రత్యేక నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం ఈ-కామర్స్ సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెల రోజులలోగా పరిష్కరించవలెను. ప్యాకెట్ మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ చిల్లర ధర, వినియోగదారుల సేవా వివరాలు ఉండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్‌ను కూడా ప్రారంభించినది.

ఫిర్యాదు చేసే విధానం

1. లోపం కనిపించిన వెంటనే ఛాయాచిత్రాలు తీసి, బిల్లు, వారంటీ కార్డు, పెట్టె మీది క్రమసంఖ్యతో పాటు భద్రపరచవలెను. అట్టపెట్టెను పారవేయరాదు, తిరిగి పంపడానికి అది అవసరం.
2. దుకాణదారునికి, సంస్థ సేవా విభాగానికి వ్రాతపూర్వకముగా తెలియజేయవలెను. ఫోనులో మాట్లాడితే ఫిర్యాదు సంఖ్య అడిగి వ్రాసుకొనవలెను.
3. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోను చేయవచ్చు. చాలా చిన్న వివాదాలు ఈ దశలోనే సంస్థకు చేరి పరిష్కారమవుతాయి.
4. అప్పటికీ ఫలితం లేకపోతే గడువు పేర్కొంటూ నోటీసు పంపి, తరువాత జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించనప్పుడు ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. వివాద కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా దాఖలు చేయవలెను. ఇంటర్నెట్ ద్వారా దాఖలు చేసే సదుపాయం 2020 సెప్టెంబరు నుండి మొదలైనది.

వస్తువును ప్రయోగశాలలో పరీక్షించవలసి వస్తే నమూనాను పంపే అధికారం కమిషన్‌కు ఉన్నది. పరీక్ష అవసరం లేని ఫిర్యాదులను మూడు నెలలలో, అవసరమైన వాటిని ఐదు నెలలలో తేల్చడానికి ప్రయత్నించవలెనని చట్టం చెబుతున్నది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ కాలం పట్టడం సాధారణం. లోపం నిరూపితమైతే మరమ్మతు, మార్పిడి, సొమ్ము వాపసు, పరిహారం ఆదేశించవచ్చు. తీర్పు నచ్చనివారు 45 రోజులలోగా రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకొనవచ్చు.

బిల్లు ప్రాముఖ్యం

పై హక్కులన్నింటికీ ఆధారం బిల్లు. పన్ను మిగులుతుందని బిల్లు లేకుండా కొనడం చిన్న పట్టణాలలో ఎరిగిన సంగతే. అలా మిగిలిన కొద్ది సొమ్ముకు బదులుగా కొనుగోలుదారుడు వారంటీని, కమిషన్‌కు వెళ్ళే అవకాశాన్ని చాలావరకు పోగొట్టుకొంటాడు. బిల్లులో క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ పేర్లు, నమూనా సంఖ్యలు, క్రమసంఖ్యలు విడివిడిగా వ్రాయించుకొనవలెను. ఉష్ణ కాగితం మీద ముద్రించిన బిల్లు అక్షరాలు కొన్నాళ్ళకు మాసిపోతాయి గనుక జిరాక్సు తీసి ఉంచుకొనడం మంచిది.

కొనేముందు గమనించవలసినవి

* పక్క తలుపును విప్పి మరల బిగించి చూడవలెను. చేతితో తేలికగా పట్టకపోతే చట్రం మెలిపడి ఉన్నదని అర్థం.
* లోపలి అంచుల వెంట గుడ్డను మెల్లగా లాగితే పదునైన అంచులు దారాలను పట్టుకొంటాయి.
* ముందు భాగంలో గాలికి జల్లెడ ఉన్నదా, అది కడగడానికి ఊడివస్తుందా చూడవలెను.
* ఎస్‌ఎంపీఎస్ కలిపి అమ్ముతుంటే 12 వోల్టుల ఆంపియర్లు చదవవలెను. వీలైతే ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా, వేరే వారంటీతో కొనడం మేలు.
* పెట్టె మీద సంస్థ చిరునామా, సేవా విభాగపు ఫోను ఉన్నాయా చూసి, దుకాణంలో ఉండగానే ఆ నంబరుకు ఫోను చేసి చూడవచ్చు.

స్థానిక పరిశ్రమ

ఈ ప్రాంతంలో ఎలక్ట్రానిక్, విద్యుత్ పరికరాల తయారీ కొత్త కాదు. 1985లో స్థాపించబడిన అమర రాజా సంస్థ తిరుపతి దగ్గరి కరకంబాడిలో బ్యాటరీలను తయారుచేస్తున్నది. సత్యవేడు దగ్గరి శ్రీసిటీలో 2015 నుండి ఫాక్స్‌కాన్ సంస్థ సెల్‌ఫోన్లను కూర్చినది. రేణిగుంట పరిసరాలలో 2017 నుండి సెల్‌ఫోన్లు, టీవీలు తయారుచేసే కర్మాగారాలు వెలిశాయి. అయినప్పటికీ ఇక్కడి దుకాణాలలో కనిపించే క్యాబినెట్లు చాలావరకు బయటి నుండి వచ్చినవే. లోపమున్న చిన్న భాగాన్ని ఇక్కడే మార్చి ఇచ్చే సేవా కేంద్రాలు ఏర్పడేవరకు వినియోగదారునికి అండగా ఉండేవి సరియైన బిల్లు, సరియైన ఎర్తు, సొంత జిల్లాలోనే ఫిర్యాదు చేసుకొనే హక్కు.

ఇవి కూడా చూడండి

* మదర్‌బోర్డు
* ఎస్‌ఎంపీఎస్
* ఎర్తింగు
* వినియోగదారుల రక్షణ చట్టం
* తిరుపతి
* చిత్తూరు